“చేరింది” అంటే ఎక్కడికి? మెయిళ్లు పంపే సర్వీసుతో నా నాలుగేళ్లు

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మాకు ఏటికొప్పాక లక్కబొమ్మల దుకాణం ఉంది. ఒకసారి కొన్నవాళ్లకు నెలకొక మెయిల్‌లో కొత్త బొమ్మల కబురు పంపుతాం. అందుకోసం ఒక సర్వీసుకు చందా కట్టడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. దాని పేరు రాయడం లేదు. పడిన తిప్పల్లో సగం నేను చేతులారా తెచ్చుకున్నవే.

మంచి ముందు చెబుతాను. మెయిల్ తయారుచేయడం తేలిక, తెలుగు అక్షరాలు చెదరవు, పెట్టిన వేళకు తప్పకుండా పంపుతుంది. పొగడ్త ఇంతే.

గొడవంతా నివేదికలో కనిపించే “చేరినవి 99 శాతం” అన్న అంకెతో. రెండేళ్లు దాన్ని చూసి మురిసిపోయాను. 2024 సంక్రాంతికి బొమ్మల కొలువు సెట్ల గురించి మెయిల్ పంపాం. ఏటా మొదటి ఆర్డరు ఇచ్చే మాస్టారి నుంచి ఉలుకూ పలుకూ లేదు. భోగికి ముందురోజు ఆయనే దుకాణానికి వచ్చారు.

“ఏమ్మా, ఈ ఏడు మమ్మల్ని మరిచిపోయావా?”

“పంపాను మాస్టారూ, చేరిందని ఇక్కడ చూపిస్తోంది చూడండి.”

ఆయన ఫోను తీసి వెతికితే మా మెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉంది. 30 రోజులు దాటినవాటిని జీమెయిల్ స్పామ్ నుంచి తనంతట తానే తీసేస్తుంది కాబట్టి అంతకుముందువి ఎన్ని అలా పోయాయో లెక్క లేదు.

ఆ రోజు అర్థమైంది. “చేరింది” అంటే అవతలి సర్వర్ తీసుకుంది అని మాత్రమే. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కవరు అందుకున్నట్టు. పైకి తెచ్చి ఇచ్చాడో, మెట్ల కింద పడేశాడో ఆ అంకెకు తెలియదు. సర్వీసు వాళ్లకు రాస్తే నాలుగు రోజుల తర్వాత ఒకే వాక్యం జవాబొచ్చింది: మీ నివేదికలో 99 శాతం ఉంది కదా అని!

ఇక నా తప్పులు. మొదటిది, పంపేవారి చిరునామాగా మా దుకాణం జీమెయిల్ ఖాతానే పెట్టాను. జీమెయిల్ పేరుతో వేరే కంపెనీ సర్వర్ నుంచి వచ్చే మెయిల్‌ను ఎవరు నమ్ముతారు? సొంత డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో మా దుకాణానికంటూ ఒక పేరు, కొన్నాను. దాని సెట్టింగుల్లో పెట్టాల్సినవి మూడు. దాని పేరు మీద ఏ సర్వర్లు పంపవచ్చో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. డీకిమ్ ప్రతి మెయిల్‌కూ సంతకం పెడుతుంది. ఆ రెండింటిలో ఒక్కటీ పంపేవారి డొమైన్‌తో సరిపోకపోతే ఏం చేయాలో డీమార్క్ చెబుతుంది. జీమెయిల్‌కు రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు ఈ మూడూ ఉండాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది, యాహూ కూడా అలాగే చేసింది. మాలాంటి చిన్నవాళ్లకు కూడా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా తప్పదు.

ఇక్కడా ఒక దెబ్బ తిన్నాను. డొమైన్ అమ్మినవాళ్లు ఒక ఎస్‌పీఎఫ్ వరుస పెట్టారు, సర్వీసు వాళ్లు చెప్పారని నేను దాని కింద ఇంకొకటి చేర్చాను. ఒక డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. రెండింటినీ కలిపి ఒకే వరుసగా రాయాలని తెలుసుకునేసరికి మూడు వారాలు గడిచాయి.

కానీ అన్నిటికంటే పెద్ద తప్పు జాబితాలో ఉంది. ప్రదర్శనల్లో పెట్టిన నోటుపుస్తకంలో జనం రాసిన చిరునామాలు సగం చదవలేం. ఊహించి ఎక్కించినవి బౌన్స్ అయ్యేవి, అంటే చేరకుండా తిరిగొచ్చేవి. అది చాలదన్నట్టు ఒక నిర్వాహకుడు ఇచ్చిన సందర్శకుల చిరునామాలు కూడా కలిపాను. వాళ్లు మమ్మల్ని అడగలేదు, మేమెవరో వాళ్లకు తెలియదు. స్పామ్ అని నొక్కారు, నొక్కరా మరి! ఫిర్యాదులు 0.1 శాతం లోపే ఉంచుకోవాలని, 0.3కు ఎన్నడూ చేరకూడదని గూగుల్ మాట. మా 2,000 మందిలో ఇద్దరు నొక్కితే మొదటి గీత, ఆరుగురు నొక్కితే రెండోది.

ఎవరూ వదిలి పోకూడదని అన్‌సబ్‌స్క్రైబ్ లింకును అడుగున, బూడిదరంగులో, చీమ తలకాయంత పెట్టిన తెలివి కూడా నాదే. తలుపు కనబడనివాడు గోడ బద్దలు కొడతాడు, అంటే స్పామ్ అని నొక్కుతాడు. ఇప్పుడది పైనే ఉంది, ఒక్క నొక్కుతో పోవచ్చు.

ఏడాదిగా లింకు నొక్కకుండా, జవాబివ్వకుండా, ఏమీ కొనకుండా ఉన్నవాళ్లను తీసేశాను. 1,100 మంది మిగిలారు. ఆర్డర్లు తగ్గలేదు. ఎవరు తెరిచారన్న లెక్కను నేను నమ్మను. మెయిల్‌లోని చిత్రం దిగిందా లేదా అన్నదాన్ని బట్టి ఆ లెక్క కడతారు. 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లో ఆ చిత్రాలను ముందే దించుకునే ఏర్పాటు ఉంది, చూడనివాడు కూడా చూసినట్టే లెక్కలోకి వస్తాడు.

సర్వీసులో నాకు నచ్చనిది ఇంకొకటి, చవక ప్లాన్‌లో సర్వర్ చిరునామాను ఎందరితోనో పంచుకోవాలి. పక్కవాడు చెత్త పంపితే ఆ మచ్చ మనకూ అంటుతుంది. విడిగా ఒకటి కొనుక్కోమంటారు గానీ, నెలకు వెయ్యి మెయిళ్లతో దానికి మంచిపేరు రావడం కష్టం. సబ్జెక్ట్‌లో “ఉచితం” అన్న మాట ఉంటే మెయిల్ స్పామ్‌లో పడుతుందని అందరూ భయపెడతారు, నాకు మాత్రం దానివల్ల పెద్ద తేడా కనిపించలేదు. జీమెయిల్ ప్రకటనల మెయిళ్లను విడిగా పెట్టే ప్రమోషన్స్ ట్యాబ్‌లో పడితే బాధపడను, అదీ ఇన్‌బాక్సే.

ఐదుకు మూడు ఇస్తాను. వచ్చే నెల చందా ముగుస్తుంది. మళ్లీ కడతాను గానీ ఈసారి చిన్న ప్లాన్‌కే.