గల్ఫ్‌ల ఉన్న మనోళ్లు జర జాగ్రత్త: జీతం కార్డు ఆఫీసోని చేతిల పెట్టకుండ్రి

అన్నలారా, తమ్ముల్లారా, దుబాయ్, షార్జా, అబుదాబి యాడున్నా సరే, జీతం ఏటీఎం కార్డుల పడేటోళ్లు అందరు ఇది చదువుండ్రి. నిన్న పొద్దుగాల మనీ ఎక్స్చేంజి కౌంటర్ కాడ నిలబడితే బయటపడ్డ ముచ్చట. రాత్రంత నిద్ర లేదు.

నేను జగిత్యాల దిక్కోణ్ణి. ఏడు నెలల కింద ఓ క్లీనింగ్ కంపెనీల చేరిన. కాగితం మీద జీతం తిండి పైసలతోని కలిపి 1250 దిరంలు. బతాక, అంటే ఇక్కడి ఐడీ కార్డు, వచ్చినంక జీతం కార్డు కూడ వచ్చిందన్నరు గని చేతికి ఇయ్యలే. ఆఫీసుల మన తెలుగాయనే ఒకాయన ఉంటడు, మా పక్క మండలమే, క్యాంపుల అందరం ఆయన్ని అన్నా అన్నా అంటం. "కార్డులు పోగొట్టుకుంటున్నరురా, నా దగ్గర భద్రంగ ఉంటయి, నెలనెల పైసలు నేనే తెచ్చిస్త" అన్నడు. మనూరాయన కదా అని సరే అన్న. నెలకు 950 చేతిల పెట్టేటోడు, మిగిలిన 300 వీసా ఖర్చు కింద కటింగ్ అన్నడు. సంతకం పెట్టుమన్న కాడల్లా పెట్టిన, అవన్ని అరబ్బీల ఉన్నయి. ఇందుల ఏం రాసి ఉన్నదన్నా అని ఒక్కసారన్న అడగాల్సింది, అడగలే. ఆ తప్పు నాదే.

ఈ నడుమ మా రూముల కొత్తగ దిగిన నేపాలీ పిలగాడు పాత కంపెనీల జీతం పడ్డప్పుడు వచ్చిన మెసేజి ఫోన్ల చూపిచ్చిండు. నాకు ఏడు నెలల్ల ఒక్క మెసేజి రాలే. అప్పుడు అనుమానం వచ్చింది. నా కార్డు నాకియ్యన్నా అని అడిగితే రేపు, ఎల్లుండి అని మూడు రోజులు తిప్పిండు. ఆఖరికి క్యాంపు బాస్ ముంగట గట్టిగ అడిగితే డ్రాయర్ తీసిండు. అండ్ల రబ్బరు బ్యాండు పెట్టిన కార్డుల కట్ట. నా కార్డు తీసి ఇచ్చిండు, ఎనుక తెల్ల టేపు అంటించి ఉన్నది, దాని మీద నీలి పెన్నుతోని నాలుగు అంకెలు. నా పిన్ నంబరు. నాకే తెల్వని నా పిన్ ఆయన చేతిరాతల చూసిన.

ఏటీఎంల పెడితే 12 దిరంలు చూపిచ్చింది.

అక్కడి నుంచి సీద కార్డు ఇచ్చిన ఎక్స్చేంజికి పోయి బతాక చూపిచ్చి స్టేట్‌మెంట్ అడిగిన. ప్రతి నెల 1250 పడ్డది, ఒక్క రూపాయి కటింగ్ లేదు. పడ్డ రోజే దాదాపు అంత తీసిండ్రు, అన్నిసార్లు ఒకటే ఏటీఎం, మా ఆఫీసు ఎనుక గల్లీల ఉన్నది. నడుమ బ్యాలెన్స్ చూసిన ఛార్జీ, మెసేజిల ఛార్జీ. మెసేజిలు ఏ నంబరుకు పోతున్నయి మేడం అని అడిగిన. కౌంటర్ల ఆమె చివరి నాలుగు అంకెలు చెప్పింది. ఆ నాలుగు అంకెలు నాకు నోటికొస్తయి, ఇంటికి పైసలు కావాల్నన్నా, ఒంట్ల బాగలేకున్నా నేను ఫోన్ కొట్టేది ఆ నంబరుకే. కాళ్లల్ల బలం పోయినట్టయింది, అక్కడే కుర్చీల కూసున్న.

కాగితం పట్టుకొని ఆఫీసుకు పోయిన. నేను ఒర్రలేదు, తిట్టలేదు, అన్నా ఇదేందన్నా అన్న అంతే. తల కూడ ఎత్తలే. "నీ పేరు మీద పూర జీతం పడ్డట్టు గవర్నమెంటుల రికార్డు ఉన్నది, సంతకాలు ఉన్నయి, ఏడికి పోతవో పో, నిన్నెవడు నమ్ముతడు" అన్నడు. పండుగకు మా రూముకొచ్చి నేను వండిన కూర తిని పోయిన మనిషి ఆయన. నా బిడ్డ ఫీజు కట్టాలె, ఈ నెల కొంచెం జల్ది ఇయ్యన్నా అని ఆయన్నే బతిమాలిన. నా పైసలు నాకియ్యమని బతిమాలిన. 2100 దిరంలు, మన పైసల్ల యాభై వేల దగ్గర.

ఆయన అన్న దాంట్ల ఒక మాట నిజం, అదే మనందరం తెలుసుకోవాల్సింది. ఇక్కడ యూఏఈల 2009 నుంచి డబ్ల్యూపీఎస్ (వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్) అని ఉన్నది, కంపెనీ జీతాలు దాని ద్వారానే ఎయ్యాలె, పడ్డదా లేదా అని లేబర్ మినిస్ట్రీకి తెలుస్తది. గని కార్డుల పడ్డంక ఏటీఎం కాడికి పోయి తీసినోడు ఎవడనేది అండ్ల కనపడది. కార్డు, పిన్, ఫోన్ నంబరు మూడు ఒక్కని చేతిలనే ఉంటే జీతం వానిదే. మనం దిగినప్పుడు మనకు ఇక్కడి సిమ్ ఉండది, ఫారంల వాళ్ల నంబరు రాస్తరు, తర్వాత ఎవ్వడు మార్చడు. ఇంక వీసా ఖర్చు కటింగ్ అనేదే తప్పు, పనిలోకి తెచ్చుకున్న ఖర్చు పనోని మీద ఎయ్యొద్దని 2021ల వచ్చిన 33 నంబరు చట్టంల ఉన్నది. ఇది నాకు నిన్ననే తెలిసింది.

కార్డు మీ దగ్గర లేకుంటే ఇయ్యాల్నే అడుగుండ్రి. ఉంటే పిన్ మార్చుండ్రి, బతాక తీస్కపోయి మీ నంబరు ఎక్కించుకోండ్రి, స్టేట్‌మెంట్ తీసి కాంట్రాక్టుల రాసిన జీతంతోని కలిపి చూడుండ్రి. లేబర్ ఫిర్యాదుకు 80084. మన ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 80046342.

ఆ డ్రాయర్ల ఇంక పదకొండు మంది కార్డులు ఉన్నయి. రాత్రి రూములల్ల తిరిగి నా స్టేట్‌మెంట్ అందరికి చూపిచ్చిన. కొందరు భయపడుతున్నరు, పని పోతదేమో అని. ముగ్గురు వస్తమన్నరు, పొద్దుగాల డ్యూటీ కంటె ముందు నలుగురం ఒక్కటే ఫోన్ల నుంచి కాల్ చేస్తం.