హ్యూరాన్ నదిలో కయాక్ దారి: ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ మోయాలి

మిషిగన్‌లో వేసవి మొదలవగానే "ఈ శనివారం ఎక్కడికెళ్దాం" అని మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతారు. కొన్నేళ్లుగా నేను ఒకటే చెప్తున్నాను, హ్యూరాన్ రివర్ వాటర్ ట్రైల్. ట్రైల్ అనగానే చాలామంది ఒడ్డున నడిచే బాట అనుకుని బూట్లు వేసుకొస్తారు. ఇక్కడ నదే బాట. ప్రౌడ్ లేక్ దగ్గర మొదలై మిల్‌ఫర్డ్, డెక్స్‌టర్, ఆన్ ఆర్బర్, ఇప్సిలాంటి, ఫ్లాట్ రాక్ ఊళ్ల మీదుగా ఈరీ సరస్సు దాకా 104 మైళ్లు. కయాకో కెనూనో, తెడ్డుతో నడిపే చిన్న పడవ ఏదో ఒకటి వేసుకుని, ఓపిక ఉన్నంత దూరం వెళ్లడమే.

"నది ఎప్పట్నుంచో ఉంది కదమ్మా, వీళ్లు కొత్తగా చేసిందేంటి?" అన్నారు నాన్నగారు, కిందటి వేసవిలో అమలాపురం నుంచి వచ్చినప్పుడు. చిన్నప్పుడు రోజూ రేవు దాటి బడికి వెళ్లిన మనిషి. ఆ ప్రశ్న సబబే. నీళ్లు ఎవరూ కొత్తగా పోయలేదు. చేసిన పనంతా ఒడ్డున కనిపిస్తుంది.

హ్యూరాన్ రివర్ వాటర్‌షెడ్ కౌన్సిల్ అనే సంస్థ నది పొడవునా ఉన్న ఊళ్లనీ పార్కులనీ ఒక తాటి మీదకి తెచ్చింది. 2015లో దీనికి జాతీయ వాటర్ ట్రైల్ గుర్తింపు వచ్చింది. ఆ జాతీయ జాబితా మొదలైందే 2012లో, అట్లాంటా మన వాళ్లందరికీ తెలిసిన చాటహూచీ నదితో. హ్యూరాన్ మీద దిగే రేవులున్నాయి, అక్కడ బోర్డులున్నాయి. ఏ రేవు నుంచి ఏ రేవుకి ఎన్ని మైళ్లో, మరుగుదొడ్డి ఎక్కడుందో, కారు ఎక్కడ పెట్టాలో మ్యాపులో దొరుకుతుంది. తడిసినా పాడవని గైడు పుస్తకం కూడా అమ్ముతారు. కయాక్‌లో ఫోన్ బయటికి తీయడమంటేనే భయపడే నాలాంటివాళ్లకి అది డబ్బు పెట్టదగ్గ వస్తువు.

అసలు సంగతి ఆనకట్టలు. వందేళ్ల కిందటా, అంతకు ముందూ కరెంటు కోసం, మిల్లుల కోసం ఈ నదికి అడ్డంగా వరసగా కట్టేశారు. కయాక్‌లో కూర్చుంటే మన కళ్లు నీటికి మూడడుగుల ఎత్తులో కూడా ఉండవు. అక్కణ్నుంచి ఆనకట్ట ఆనకట్టలా కనపడదు. ముందు నీళ్లు నున్నగా ఒక గీత దగ్గర ఆగిపోయినట్టుంటుంది, అంతే. ఆ గీత దాటితే కింద సుడి తిరిగే నీళ్లు పడవని, మనిషిని పట్టుకుని వదలవు. ఈతొచ్చినా లాభం లేదు. అందుకే "ఇక్కడ ఒడ్డెక్కండి" అనే బోర్డు ఎంత ముందు పెట్టారు, ఏ గట్టున పెట్టారు అన్నదాన్ని బట్టే నేను ట్రైల్‌కి మార్కులు వేస్తాను. హ్యూరాన్‌లో చాలాచోట్ల బాగా పెట్టారు. ఒకచోట మాత్రం కొమ్మలు పెరిగి బోర్డు సగం మూసుకుపోయింది. మ్యాపు ముందే చూసుకున్నాం కాబట్టి ఒడ్డెక్కాం.

ఒడ్డెక్కాక పడవని మోసుకుంటూ ఆనకట్ట పక్కనుంచి కిందికి వెళ్లాలి. దీన్ని పోర్టేజ్ అంటారు. ఆన్ ఆర్బర్ నుంచి ఇప్సిలాంటి వెళ్తే గెడెస్, సుపీరియర్, పెనిన్సులర్ పేపర్ అని మూడు ఆనకట్టలు తగులుతాయి. ప్లాస్టిక్ కయాక్ బరువు ఇరవై, పాతిక కిలోలుంటుంది. రెండో ఆనకట్ట దగ్గరికే మా ఆయన నాతో మాట్లాడటం మానేశారు. చక్రాల బండి ఉంటే తీసుకెళ్లండి, లేకపోతే ఈ ముక్క వదిలేయండి.

ఆన్ ఆర్బర్‌లోనే ఉన్న ఆర్గో ఆనకట్ట దగ్గర మాత్రం ఈ మోత లేదు. 2012లో పక్కనున్న పాత కాలవని తొమ్మిది మెట్లుగా మార్చి ఆర్గో కాస్కేడ్స్ అని పేరు పెట్టారు. ఒక మడుగులోంచి ఇంకో మడుగులోకి పడవ జారుతూ దిగుతుంది. ముక్కు సూటిగా పెట్టి, జారేటప్పుడు కూడా తెడ్డు వేస్తూనే ఉంటే ఏం కాదు. భయపడి తెడ్డు పైకెత్తేస్తే పడవ అడ్డం తిరుగుతుంది. నాన్నగారు కెనూలో వెనక కూర్చుని ఒక్క చుక్క మీద పడకుండా దింపారు, ఆ తర్వాత వారం పాటు ఇండియాకి చేసిన ప్రతి ఫోన్‌లోనూ అదే కబురు. శని, ఆదివారాలు మధ్యాహ్నం అయితే ఇక్కడ గాలి ట్యూబుల మీద తేలేవాళ్ల గుంపు, పాటల గోల. పొద్దున్నే వెళ్లండి. ఆర్గో నుంచి గాలప్ పార్కు దాకా నాలుగు మైళ్లు కూడా ఉండదు. రెండుచోట్లా నగరపాలక సంస్థే పడవలు అద్దెకిస్తుంది, మధ్యలో వ్యాన్ నడుపుతుంది. కొత్తవాళ్లకి ఇదే సరైన ముక్క.

ఎగువన ఇంకోచోట ఒక ప్రైవేటు అద్దె కంపెనీతో మాత్రం విసిగిపోయాం. మూడింటికి రావాల్సిన వ్యాన్ నాలుగున్నరకి వచ్చింది, ఫోన్ ఎత్తలేదు, పిల్లలు దోమలకి బలి. అప్పట్నుంచీ రెండు కార్లలో వెళ్లి, ఒకటి దిగే రేవు దగ్గర ముందే వదిలేస్తున్నాం.

వెళ్లే ముందు నీళ్లెంత ఉన్నాయో చూసుకోండి. ఆన్ ఆర్బర్ దగ్గర ప్రవాహాన్ని కొలిచే ప్రభుత్వ గేజ్ ఉంది, లెక్క ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. సెకనుకి ఎన్ని ఘనపుటడుగులో చెప్తారు, అంటే మన క్యూసెక్కులే. ధవళేశ్వరంలో లక్షల క్యూసెక్కులని రేడియోలో వింటూ పెరిగిన నాకు ఇక్కడి వందలు చూస్తే నవ్వొచ్చింది. కానీ చిన్న నదికి వందల్లో తేడా చాలు. ఎండాకాలం చివర నీళ్లు తగ్గితే ఆన్ ఆర్బర్‌కి ఎగువన డెల్హీ అనే చోట రాళ్లకి అడుగు గీసుకుంటుంది. పెద్ద వాన పడ్డాక అయితే అదే చోటు కొత్తవాళ్లకి పనికిరాదు.

లైఫ్ జాకెట్ విషయంలో మా ఇంట్లో బేరాల్లేవు. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటినుంచి అమ్మకి నీళ్లంటే టెన్షన్. మిషిగన్ చట్టం పడవలో మనిషికొకటి ఉంటే చాలంటుంది, ఆరేళ్లలోపు పిల్లలకైతే తొడగాల్సిందే అంటుంది. మేం అందరం తొడుక్కునే ఎక్కుతాం, వీడియో కాల్‌లో అమ్మకి బెల్టు పెట్టుకున్నట్టు చూపించాకే బయల్దేరుతాం.

చేపల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నాన్నగారు ముందు అడిగింది అదే. 2018లో ఈ నది చేపల్లో పీఫాస్ అనే హాని చేసే రసాయనాలు ఎక్కువగా ఉన్నాయని, తినొద్దని రాష్ట్రం హెచ్చరించింది. నీళ్లు ఒంటికి తగిలితే ఏం కాదుగానీ, అక్కడక్కడా తేలే తెల్లటి నురగని ముట్టుకోవద్దంటారు. గాలం ఇంట్లోనే ఉండిపోయింది. ఇంత మంచి నదిలో పులుసుకి పనికొచ్చే చేప లేదంటే ఆయన ఇప్పటికీ నమ్మరు.

నా లెక్కలో హడ్సన్ మిల్స్ పార్కు నుంచి డెక్స్‌టర్ మీదుగా సాగే ముక్కకి అయిదుకి అయిదు. చెట్ల నీడ, సాయం చేసే వడి, తాబేళ్లు, కొంగలు. ఇప్సిలాంటి దిగువన ఫోర్డ్ లేక్, బెల్‌విల్ లేక్‌లకి రెండు ఇస్తే గొప్ప. పేరుకి నదే గానీ ఆనకట్టల వెనక నిలిచిన నీళ్లు, ఎదురుగాలి, మోటారు బోట్ల అలలు. 104 మైళ్లూ పూర్తి చేయాలనే పట్టుదల ఉంటే తప్ప అటు పోకండి. డెక్స్‌టర్ ముక్క ఆకురాలు కాలంలో పెట్టుకుంటే ఒడ్డునే ఉన్న, ఆపిల్ రసం తీసే పాత సైడర్ మిల్లు కూడా తెరిచి ఉంటుంది, డోనట్లు వేడిగా కావాలంటే పదకొండు లోపు చేరేలా చూసుకోండి.