కొర్ర ఎస్‌ఐఏ 3085 విత్తనం, కందిలో వేసి చూశా

మాది దర్శి దగ్గర, వర్షాధారం చేను. ఈ ఖరీఫ్‌లో ఈ కొర్ర విత్తనం తెచ్చి అయిదు సాళ్లు కొర్రకి ఒక సాలు కంది లెక్కన గొర్రుతో వేశాం, మొలక చాలా బాగా వచ్చింది.

పోయినేడు ఒక షాపులో కందిలోకి అని చెప్పినా పొడుగు జొన్న చేతిలో పెట్టారు. అది మనిషెత్తు దాటింది, వెడల్పాకులు అడ్డంగా వాలి గొడుగు పట్టినట్టు కమ్మేసినయ్, పాపం కంది ఎండ కోసం సన్నగా పైకి సాగిపోయింది తప్ప కింద ఒక్క కొమ్మ వేయలా, చూస్తే కడుపు తరుక్కుపోయింది.

కొర్ర అలా కాదండీ. పొట్టి పైరు, ఆకు సన్నం. మిట్టమధ్యాహ్నం సాళ్ల మధ్య కూర్చుని చూశా, కంది ఆకుల మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడతా ఉంది. కంది ఎట్టాగూ మొదట్లో నిదానంగా పెరుగుద్ది, 80-85 రోజులకి కొర్ర కోసేస్తే ఆ ఎండంతా దానిదే, పక్క కొమ్మలు తెగ వేసింది. కాకపోతే కంది గుబురుగా విచ్చుకునే రకం అయ్యుండాలి, నిటారుగా పోయేది వేస్తే ఖాళీ నిండదు, ఎండ నేలపాలే.

గింజ నలుసంత ఉంటది, ఇసుక కలిపి వేయండి. మేం కలపలా, ఒత్తుగా పడ్డచోట పలచన చేయడం లేటయ్యి అక్కడ కంది దెబ్బతింది.

సంచి మీద రోజులు రాశారు గానీ ఎత్తు, ఆకు తీరు రాయలా. అంతర పంట వేసేవాడికి ముందు కావాల్సింది అదే.