పాత మోడల్ వ్యాగన్: గోడలు కోయాలా, బాడీ పీకేయాలా?

మోడల్ రైళ్లలో బ్రిటిష్ ఓఓ స్కేల్‌లో (1:76, అంటే అసలు బండిలో 76వ వంతు) పాత ప్లాస్టిక్ గూడ్స్ వ్యాన్ (పైకప్పు ఉన్న సరుకు పెట్టె) ఒకటి మూల పడి ఉంటే దానికి రెండు దారులు. పైకప్పు తీసేసి, గోడలు సగానికి కోసి ఓపెన్ వ్యాగన్ చేయడం ఒకటి. బాడీ మొత్తం పీకేసి, ఛాసిస్ మీద ప్లాస్టిక్ షీట్ పరిచి కంటైనర్ మోసే ఫ్లాట్ వ్యాగన్ చేయడం రెండోది.

మొదటిది ఒక సాయంత్రం పని. కానీ పైకప్పు పోగానే గోడ మందం బయటపడుతుంది. 1.5 మి.మీ. గోడ అంటే అసలు బండిలో 11 సెం.మీ. పైనే! పలచగా కనిపించేలా పై అంచును లోపలివైపు ఏటవాలుగా గీకాలి. లోపల పలకల గీతలు ఉండవు, వాటినీ గీసుకోవాలి. అంత ఓపిక లేకపోతే నిండా బొగ్గు పోసేయండి, ఎవరూ చూడరు.

ఫ్లాట్‌కి ఆ బాధ లేదు. బరువే సమస్య: తేలికైతే మలుపుల్లో పట్టాలు తప్పుతుంది. సీసం ముక్కను ఫ్లోర్ కింద గానీ కంటైనర్‌లో గానీ దాచాలి. ఛాసిస్ లోహానిదైతే ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే సాల్వెంట్ పట్టదు, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) వాడాలి.

నా ఓటు ఫ్లాట్‌కే. కంటైనర్ మారిస్తే చాలు, బండి కొత్తగా కనిపిస్తుంది. గోడల మీద ముద్రించిన రాతలు చక్కగా ఉన్న వ్యాన్‌ని మాత్రం రెండింటికీ బలిపెట్టకండి.