సియాటిల్ ఓపీఏ, పోలీసు రికార్డుల సేవ: కాగితం గట్టిది, గడియారం నత్త

2023 జనవరి 23న సియాటిల్‌లో పోలీసు కారు ఢీకొని ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి చనిపోయింది. ఆ కేసు మీద మన తెలుగు గ్రూపుల్లో జరిగిన వాదన అంతా, ఆమె చావు గురించి ఒక ఆఫీసర్ నవ్వుతూ మాట్లాడిన ఒకే వీడియో ముక్క చుట్టూ తిరిగింది. పక్కనే ఎవరికైనా దొరికే కాగితాలు తెరిచి చూసినవాళ్లు తక్కువ. ఆ కాగితాలు దొరికే చోట్లు రెండు: పోలీసుల మీద ఫిర్యాదులు దర్యాప్తు చేసే నగర కార్యాలయం ఆఫీస్ ఆఫ్ పోలీస్ అకౌంటబిలిటీ (ఓపీఏ) వెబ్‌సైట్‌లో పెట్టే ముగిసిన కేసుల సారాంశాలు, సియాటిల్ పోలీసు శాఖ పబ్లిక్ రికార్డుల పోర్టల్. ఈ రివ్యూ ఆ రెండింటి మీదే.

ముందు ఓపీఏ సారాంశాలు. ఫీజు లేదు, లాగిన్ లేదు, నేరుగా పీడీఎఫ్. 2023 నాటి కేసైతే నంబరు 2023ఓపీఏ అని మొదలై గీత తర్వాత నాలుగు అంకెలు ఉంటాయి. తెరవగానే పట్టిక కనిపిస్తుంది: ఏ ఆరోపణ, పోలీసు మాన్యువల్లో ఏ నంబరు నిబంధన, ఏం తేలింది. దాని కింద దర్యాప్తు సారాంశం, ఆ తర్వాత డైరెక్టర్ విశ్లేషణ. విశ్లేషణ డైరెక్టర్ అభిప్రాయం, తీర్పు కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం గొడవలు తగ్గుతాయి.

మొదటిసారి చదివేవాళ్లు తికమకపడే చోటు ఒకటుంది. ఆఫీసర్ పేరు ఎక్కడా ఉండదు, "నేమ్డ్ ఎంప్లాయీ 1" అని మాత్రమే ఉంటుంది. ఎవరిదో తెలియాలంటే తేదీ, నిబంధన నంబరు, సంఘటన వివరం పత్రికల్లో వచ్చిన వార్తలతో కలిపి చూసుకోవాలి. పేరుతో వెతికి ఏమీ దొరక్క "కప్పిపెట్టారు" అనేస్తుంటారు. నిజానికి నిబంధన నంబరుతో వెతికితే పని తొందరగా అవుతుంది: ప్రవర్తన, మాటతీరు 5.001లో ఉంటాయి, వివక్ష 5.140లో, సైరన్‌తో కారు నడపడం 13.030లో.

ఇక "ఏం తేలింది" అన్న గడి. సస్టెయిన్డ్ అంటే ఆరోపణ రుజువైంది. అన్‌ఫౌండెడ్ అంటే అలా జరగలేదని. లాఫుల్ అండ్ ప్రాపర్ అంటే జరిగింది, కానీ నిబంధనల ప్రకారమే. ఇన్‌కన్‌క్లూజివ్ అంటే అటూ ఇటూ తేలలేదు. ఈ నాలుగింటికీ ఓపీఏ వాడే త్రాసు ఒకటే: సాక్ష్యం ఎటువైపు కాస్త ఎక్కువ మొగ్గుతోంది. 51కి 49 అయినా చాలు. క్రిమినల్ కోర్టుది వేరే త్రాసు, సహేతుకమైన అనుమానానికి తావే ఉండకూడదు. జాహ్నవి కేసులో ఎక్కువమంది తప్పటడుగు వేసింది ఇక్కడే. 2024 ఫిబ్రవరి 21న కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ లీసా మానియన్ కార్యాలయం ఆ కారు నడిపిన ఆఫీసర్ కెవిన్ డేవ్ మీద ఫెలొనీ (తీవ్ర నేరం) కేసు పెట్టడం లేదని ప్రకటించింది. "క్లీన్‌చిట్ ఇచ్చేశారు" అని గ్రూపులు గోల పెట్టాయి. క్లీన్‌చిట్ కాదు. అతను ఇతరుల భద్రతను లెక్కచేయకుండా నడిపాడని క్రిమినల్ కోర్టు పెద్ద త్రాసులో నిరూపించలేమని చెప్పారంతే. తర్వాత నగర అటార్నీ కార్యాలయం నిర్లక్ష్యపు డ్రైవింగ్ కింద ఇచ్చిన నోటీసుకు జరిమానా 5,000 డాలర్లు. ఓపీఏ చిన్న త్రాసులో మాత్రం అదే డ్రైవింగ్ నిబంధనల ఉల్లంఘనగా తేలి, 2025 జనవరిలో తాత్కాలిక పోలీస్ చీఫ్ స్యూ రార్ అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. కారు ఒకటే, వేగం ఒకటే, ఫలితాలు మూడు. వాటిలో ఏదీ మిగతావాటిని కొట్టేయదు.

కాగితం విలువ ఎంతో తెలియాలంటే ఆ వీడియో ముక్కను ప్రమాదపు దర్యాప్తు నివేదిక పక్కన పెట్టి చూడండి. వీడియోలో ఉన్నది ఆఫీసర్ డేనియల్ ఆడెరర్. పోలీసు యూనియన్ ఉపాధ్యక్షుడు కూడా. డేవ్ మత్తులో ఉన్నాడేమో పరీక్షించడానికి వచ్చి, తిరిగి వెళ్తూ యూనియన్ అధ్యక్షుడితో ఫోన్లో మాట్లాడుతుంటే ఒంటి మీది కెమెరా రికార్డు చేసింది. 11,000 డాలర్ల చెక్కు రాస్తే సరి, ఆమె విలువ అంతంతమాత్రమే అన్న మాటలు, నవ్వు అందరూ విన్నారు. ఆమె వయసు 26 అన్నాడు, నిజానికి 23. సాక్ష్యం తూచేవాళ్లకు ఎక్కువ పనికొచ్చేది అదే రికార్డింగులో ఇంకోచోట ఉంది. కారు 50 మైళ్ల వేగంతో వెళ్తోందని, ఆమె 40 అడుగుల దూరం కూడా ఎగిరిపడి ఉండదని అన్నాడు. శాఖ సొంత డిటెక్టివ్ నివేదికలో వేగం గంటకు 74 మైళ్లు, ఢీకొన్న క్షణంలో 63. ఆమె పడిన దూరం 138 అడుగులు. ఆ రోడ్డు పరిమితి 25.

మన లెక్కలో 74 మైళ్లంటే 119 కిలోమీటర్లు, 25 అంటే 40. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, ఆలోపే కారు 74లో 163 అడుగులు వెళ్లిపోతుంది, 25లో అయితే 55. అంత వేగంలో ప్రమాదాన్ని గుర్తించి తప్పించుకునే వ్యవధి ఆమెకూ లేదు, అతనికీ లేదు అని నివేదిక రాసింది. వాట్సాప్‌లో తిరిగిన "సైరన్ వేశాడు", "సైరన్ వేయలేదు" రెండూ సగం నిజాలు. లైట్లు వెలుగుతున్నాయి, సైరన్ మాత్రం కూడళ్ల దగ్గర కాసేపు కూయించి ఆపుతూ వచ్చాడు.

ఫోన్ సంభాషణలో మనకు వినిపించేది ఒక వైపే. లాయర్లు బేరమాడే తీరును వెక్కిరించానని ఆడెరర్ వివరణ ఇచ్చుకున్నాడు. దాన్ని పక్కన పెట్టేయకుండా తూచాకే ఓపీఏ ప్రవర్తన, వివక్ష రెండూ రుజువైనట్టు తేల్చింది. 2024 జూలైలో అతని ఉద్యోగం పోయింది. వివరణ నమ్మినా, నమ్మకపోయినా వేగం గురించి అతను చెప్పిన అంకె తప్పే కదా. ఆ ముక్క మీద చర్చ అసలు జరగనే లేదు, అదే విడ్డూరం.

రెండోది రికార్డుల పోర్టల్. వాషింగ్టన్ రాష్ట్ర పబ్లిక్ రికార్డుల చట్టం కింద ఎవరైనా అడగొచ్చు. మన ఆర్టీఐకి భారత పౌరసత్వం కావాలి, దీనికి ఏ పౌరసత్వమూ అక్కర్లేదు. హైదరాబాద్‌లో కూర్చుని అర్జీ పెట్టొచ్చు. ఐదు పనిదినాల్లో జవాబు రావాలి. అయితే ఆ జవాబు చాలాసార్లు "అందింది, ఫలానా తేదీకి ఇస్తాం" అన్న ముక్కే. దాన్ని చూసి రికార్డు వచ్చేసిందని సంబరపడొద్దు.

అర్జీ ఎక్కడ చెడుతుందంటే, "కేసుకు సంబంధించిన సమస్తం" అని రాసినప్పుడు. అది విడతల్లో నెలల తరబడి సాగుతుంది. ఒక విడత వచ్చాక తీసుకోకుండా వదిలేస్తే మిగతాది ఆపేయొచ్చు. విడివిడిగా అడగండి: ట్రాఫిక్ ప్రమాద దర్యాప్తు నివేదిక ఒకటి, డిస్పాచ్ లాగ్ (ఏ కారును ఎప్పుడు ఎక్కడికి పంపారో రాసే చిట్టా) ఒకటి, కారు కెమెరా వీడియో ఒకటి, ఒంటి కెమెరా వీడియో ఒకటి. ఒంటి కెమెరాకు ప్రత్యేక షరతు ఉంది. సంఘటనలో ఉన్నవాళ్ల పేరు, కేసు నంబరు, తేదీ-సమయం-స్థలం, ఆఫీసర్ ఎవరన్నది, ఈ నాలుగింటిలో కనీసం ఒకటి ఇవ్వాలి. ముఖాలు మసకబార్చే పనికి బయటివాళ్ల దగ్గర ఖర్చు వసూలు చేయొచ్చు. సంఘటనలో నేరుగా ఉన్నవాళ్లకు, వాళ్ల లాయర్లకు ఆ ఖర్చు పడదు. కాబట్టి ముందు లాయరు ద్వారా కుటుంబం అడగడమే చవక.

వీడియో చేతికొచ్చాక మూలన ఉన్న సమయం చూడండి. చివర జెడ్ అక్షరం ఉంటే అది గ్రీనిచ్ సమయం, మైనస్ 0800 ఉంటే చలికాలపు సియాటిల్ సమయం. ప్రమాదం జరిగింది అక్కడ రాత్రి 8 ప్రాంతంలో, మనకు 24 ఉదయం తొమ్మిదిన్నర, గ్రీనిచ్‌లో 24 తెల్లవారుజామున 4. "తేదీలు మార్చేశారు" అనే వాదన ఇలాంటి తేడాల్లోంచే పుడుతుంది. మొదటి అర నిమిషం శబ్దం లేకపోయినా కంగారు పడకండి. ఆక్సాన్ కంపెనీ ఒంటి కెమెరాల్లో బటన్ నొక్కడానికి ముందటి 30 సెకన్లు మామూలు సెట్టింగులో బొమ్మ మాత్రమే నిలవ ఉంటుంది, శబ్దం ఉండదు. మధ్యలో శబ్దం పోతే మాత్రం కారణం రాతపూర్వకంగా అడగాలి.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. శిక్ష వేయాలంటే ఓపీఏ 180 రోజుల్లో దర్యాప్తు ముగించాలి. క్రిమినల్ దర్యాప్తు నడిచినంతకాలం ఆ గడియారాన్ని ఆపొచ్చు. డేవ్ విషయంలో ప్రమాదం నుంచి ఉద్యోగం పోయేదాకా దాదాపు రెండేళ్లు పట్టింది. ఆడెరర్ మాటలు జనవరిలో రికార్డయితే జనానికి తెలిసింది సెప్టెంబరు 11న, అదీ శాఖ ఉద్యోగి ఒకరు మామూలు పనిలో భాగంగా వీడియో చూస్తూ పట్టుకున్నందువల్ల. ఓపీఏ డైరెక్టర్ పోలీసు కాదు, పౌర అధికారి. కానీ దర్యాప్తు బృందంలో యూనిఫాం సార్జెంట్లు ఉంటారు, శిక్ష వేసేది చీఫ్. ఈ రెండు లొసుగులకు మార్కులు తగ్గించక తప్పదు.

సారాంశాలకు ఐదుకు నాలుగు, రికార్డుల పోర్టల్‌కు మూడు, పని జరిగే వేగానికి ఒకటి. ఓపీఏకి ఫిర్యాదు ఎవరైనా ఇవ్వొచ్చు, పేరు చెప్పకుండా కూడా. ఇంగ్లిష్ రాని తల్లిదండ్రుల కోసం దుబాసీ కావాలని మొదటి మెయిల్లోనే రాయండి. పేరు చెప్పకుండా ఇస్తే దర్యాప్తు అధికారి మళ్లీ ఏమైనా అడగాలన్నా మీరు దొరకరు, కాబట్టి కనీసం ఒక మెయిల్ ఐడీ అయినా ఇచ్చి పెట్టండి.