విశాఖకు చుట్టాలొస్తే మేము తీసుకువెళ్ళే చోట్లు

విశాఖపట్నం చూడడానికి వచ్చేవారిలో చాలామంది రామకృష్ణా బీచ్‌లో ఒక సాయంత్రం గడిపి, కైలాసగిరి మీద రోప్‌వే ఎక్కి, ఋషికొండ దగ్గర కాళ్ళు తడుపుకుని, మరునాడు తెల్లవారగానే అరకు రైలు పట్టుకుంటారు. ఆ చోట్లు బాగుండవని ఎవరూ అనలేరు. అయితే ఇక్కడే పుట్టి పెరిగిన మాబోటివాళ్ళం ఇంటికొచ్చిన చుట్టాలకు ఊరిని ఊరిగా చూపించాలనుకున్నప్పుడు మొదట వెళ్ళేది ఆ మధ్య భాగానికి కాదు, ఊరి రెండు కొసలకు: దక్షిణాన పాత ఊరైన వన్‌టౌన్‌కు, ఉత్తరాన భీమిలికి (భీమునిపట్నానికి). ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి వచ్చిన మా మామయ్యను, అత్తయ్యను వెంటబెట్టుకుని ఒక్క రోజులో ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాము. ఏది ఎంత విలువైనదో ఆ తిరుగుడును దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాను.

రోజును ఫిషింగ్ హార్బర్‌తోనే మొదలుపెట్టాలి, అదీ ఆరు గంటల లోపే. సముద్రం మీద రోజుల తరబడి ఉండి వచ్చిన మరపడవలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ రేవులో ఆగి ఉంటాయి. వాటిలోనుంచి దించిన చందువాలు, వంజరాలు, రొయ్యలు, పీతలు తడి నేల మీద పోగులు పోగులుగా పరుచుకుని ఉంటాయి. వేలంపాట ఎంత వేగంగా సాగుతుందంటే, కొత్తవారికి పాట మొదలైందని తెలిసేలోగా సరుకు చేతులు మారిపోతుంది. పాటలో కొన్న ఆడవాళ్ళే గంపలను ఆటోలకెత్తించుకుని పేటల్లోకి అమ్మకానికి బయలుదేరతారు. అత్తయ్య ఒక వంజరం బేరమాడుతుంటే, అమ్మే ఆమె మాటలతో పనిలేకుండా బొటనవేలితో మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపించింది. ఆ తరువాత పొట్ట మీద వేలితో నొక్కి వదిలితే పడిన గుంట వెంటనే పూడుకుపోయింది. చేప తాజాదో కాదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం నేను ఎక్కడా చూడలేదు. అదే రోజు మధ్యాహ్నం సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పెద్ద హోటల్లో చేప వేపుడు తెప్పించుకుంటే, ఎన్నాళ్ళు మంచులో ఉందో గాని ముక్క పీచు పీచుగా విడిపోయింది. సముద్రం కనబడినంత మాత్రాన పళ్ళెంలోకి వచ్చేది ఆ సముద్రపు చేపే అవుతుందని నమ్మవద్దని అందుకే చెబుతున్నాను. ఇంకొక మాట: తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో హార్బర్ చూద్దామని వస్తే కట్టేసిన పడవలు తప్ప మరేమీ కనిపించవు.

హార్బర్ నుంచి వన్‌టౌన్ చాలా దగ్గర. పక్కపక్కనే ఉన్న మూడు గుట్టల మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఇస్హాక్ మదీనా దర్గా, మరియమాత చర్చి ఉన్నాయి. చర్చి ఉన్న గుట్టనే రాస్ హిల్ అంటారు. నా లెక్కలో విశాఖ మొత్తం మీద అన్నిటికంటే మంచి దృశ్యం కైలాసగిరి మీద లేదు, ఈ గుట్ట మీద ఉంది. ఎదురుగా నిలువుగా సముద్రంలోకి చొచ్చుకువచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ, ఈ పక్కన రాస్ హిల్, మధ్యలో సన్నని కాలువలాంటి దారి: రేవులోకి వచ్చే ఓడలన్నీ ఈ దారినే రావాలి. తుపాను గాలుల నుంచి రేవుకు సహజమైన కాపు ఈ కొండలే కాబట్టి 1933లో ప్రారంభమైన ఓడరేవును ఇక్కడ కట్టారు. మేము మెట్ల మీద కూర్చున్న పావుగంటలో ఒక సరుకు ఓడ చిన్న టగ్ పడవల వెంట, ఏ చప్పుడూ లేకుండా, ఇళ్ళ కప్పుల మీదుగా జారిపోతున్నట్టు లోపలికి వచ్చింది. మామయ్య ఆ ఓడ పూర్తిగా కనుమరుగయ్యేదాకా లేవనన్నారు.

అక్కడికి దగ్గరలోనే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి. అమ్మవారికి పైకప్పు లేదు. ఎండైనా వానైనా ఆకాశం కిందే కొలువు. భక్తులు ఎవరికి వారు చేతులతో పసుపు, కుంకుమ సమర్పించుకుని, తామే పూజ చేసుకోవచ్చు. పెద్ద గుడులలో దూరం నుంచి క్షణకాలం దర్శనమై ముందుకు తోసుకుపోయే మనుషులకు ఈ దగ్గరితనం ఎంత నిండుగా అనిపిస్తుందో అత్తయ్య ముఖంలో చూశాను. మార్గశిర మాసం గురువారాల్లో మాత్రం వీధులన్నీ జనంతో నిండిపోతాయి. పెద్దవాళ్ళతో వచ్చేవారు మరో నెల చూసుకోవడం మేలు.

బీచ్ రోడ్డు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున వాహనాలను ఆపివేసినప్పుడు నడిస్తే ఆ రోడ్డు ఊరి జనానిది. సాయంత్రమైతే టమాటా బజ్జీలదీ, మరమరాలతో కలిపే మూరీ మిక్చర్‌దీ. వేయించిన టమాటాను రెండుగా చీల్చి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర వేసి నిమ్మకాయ పిండి ఇచ్చే బజ్జీ ఈ ఊరి వంటే. కురుసుర జలాంతర్గామి మ్యూజియం తప్పక చూడదగినది: 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విరమించిన ఈ నౌకలో మనిషి పక్కకు తిరిగి మరీ నడవవలసినంత ఇరుకు దారులలో నావికులు రోజుల తరబడి ఎలా బతికారో లోపలికి వెళితే తప్ప ఊహకు అందదు. రామకృష్ణా బీచ్‌లోగాని, డాల్ఫిన్స్ నోస్ వెనుకనున్న యారాడలోగాని నీటిలోకి లోతుగా దిగవద్దు. అడుగున లాగే ప్రవాహాలు ఈతగాళ్ళను కూడా బలి తీసుకున్నాయి.

ఇక ఉత్తరపు కొస. కారు మాట్లాడుకోకుండా భీమిలి వెళ్ళే 900కె సిటీ బస్సు ఎక్కమంటాను. ఋషికొండ దాటాక చాలాసేపు కుడివైపు కిటికీ నిండా సముద్రమే. మంగమారిపేట దగ్గర దిగితే తొట్లకొండ ఎక్కవచ్చు. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట హీనయాన బౌద్ధ భిక్షువులు నివసించిన ఆరామం ఇది. వాన నీటిని నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లనే ఆ పేరు వచ్చింది. ఇక్కడి తవ్వకాలలో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయని తెలిశాక, ఆ స్తూపం దగ్గర నిలబడి కింది సముద్రాన్ని చూసే చూపు మారిపోతుంది.

ఎర్రమట్టి దిబ్బలకు ఎండ తగ్గాకే వెళ్ళాలి. సముద్రమట్టం పెరిగి తగ్గిన వేల ఏళ్ళలో గాలి మోసుకొచ్చిన ఇసుక పోగుపడి, లోపలి ఇనుము తుప్పు వల్ల ఎర్రబడి, వాననీరు కోసిన గెడ్డలతో (వాగులతో) లోయలుగా విడిపోయిన నేల ఇది. ఇలాంటివి తమిళనాడు తీరంలోనూ శ్రీలంకలోనూ తప్ప దక్షిణాసియాలో ఇంకెక్కడా లేవంటారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకీ చేరింది. గెడ్డలోకి దిగి గోడ మీద చెయ్యి పెట్టాను. రాయిలా కనిపించిన ఆ గోడ పొడి పిండిలా రాలి నా అరచేతిని ఎర్రగా చేసింది. చెయ్యి తగిలితేనే రాలే ఆ అంచుల మీదికి సెల్ఫీల కోసం పరుగెత్తి ఎక్కేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. వేల ఏళ్ళకు నిలిచిన దిబ్బను ఒక్క సెలవురోజు జనం కొంత కిందికి దించేస్తారు. దయచేసి కింద గెడ్డలోనే నడవండి, తెచ్చిన సీసాలు తిరిగి పట్టుకుపోండి.

భీమిలిలో డచ్చివారి సమాధుల తోట, పావురాళ్ళకొండ మీది నరసింహస్వామి గుడి, దీపస్తంభం చూసి గోస్థనీ నది సముద్రంలో కలిసే చోటికి చేరాము. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఈ పట్టణంలో తొందర అనేది కనబడదు. నది వైపు నీరు నిశ్చలంగా, సముద్రం వైపు నురగలుగా ఉంటే, నడుమ ఇసుక దిబ్బ మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్న ముసలాయనను మామయ్య పలకరించారు. వారిద్దరూ చేపల గురించి మాట్లాడుకుంటుండగానే పొద్దు కుంకింది. భీమిలి నుంచి తిరిగి వచ్చే బస్సులు రాత్రి పొద్దుపోయాక పలచబడతాయి గనుక ఏడు గంటల లోపు బస్టాండుకు చేరుకోవడం మంచిది.