పొగతోటలో ఎకో పరీక్ష: తెర మీద చూపించారు, కాగితం మీద రాయలేదు

మా అమ్మకు 58 ఏళ్లు. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని, రాత్రిళ్లు రెండు తలగడలు ఎత్తుగా పెట్టుకుంటే తప్ప ఊపిరి ఆడటం లేదని చెప్పడంతో, బుచ్చిరెడ్డిపాలెంలో మేము చూపించుకునే డాక్టరుగారు గుండె చప్పుడు విని, ధ్వని తరంగాలతో గుండెను తెర మీద చూపే ఎకో పరీక్షకు రాసిచ్చారు. గత నెలలో ఆమెను నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటలోని ఒక గుండె పరీక్షల కేంద్రానికి తీసుకువెళ్లాను. 1,500 రూపాయలు కట్టించుకుని, టోకెను ఇచ్చి, రెండు గంటలు కూర్చోబెట్టారు. పొగతోటలో ఎక్కడికి వెళ్లినా ఇది మామూలే కనుక దానిని లోపంగా లెక్కవేయడం లేదు.

పరీక్ష గదిలో జరిగింది మాత్రం నాకు బాగా నచ్చింది. అమ్మను ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోమని, పరీక్ష చేస్తున్నంతసేపూ డాక్టరుగారు తెరను మా వైపు తిప్పి ఉంచారు. గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ నడుమ ఉండే మైట్రల్ కవాటానికి రెండే రెక్కలుంటాయనీ, మిగిలిన మూడు కవాటాలకూ మామూలుగా మూడేసి ఉంటాయనీ, ఈ రెక్కలను కింది గది గోడలోని కండరాలకు సన్నని దారాల వంటి తంతువులు పట్టి ఉంచుతాయనీ, గది బలంగా ముడుచుకున్నప్పుడు రెక్కలు పైకి తిరగబడిపోకుండా ఆపేవి ఆ దారాలేననీ తెర మీద చూపుతూ చెప్పారు. చిన్నతనంలో అమ్మకు కీళ్లు వాచి జ్వరం వచ్చిందని మా అమ్మమ్మ చెప్పేది. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ క్రిమి వెనుక వచ్చే ఆ జ్వరం ఏళ్ల తరబడి రెక్కల అంచులను మందంగా మార్చి, దారాలను కురచ చేసి, రెక్కలు పూర్తిగా మూసుకోకుండా చేయగలదని నాకు ఆ గదిలోనే తెలిసింది.

రక్తం ఎటు పారుతోందో రంగుల్లో చూపే డాప్లర్ తెర మీద, ఛాతీకి ఆనించే ప్రోబు వైపు వచ్చే రక్తం ఎర్రగా, దూరంగా పోయేది నీలంగా కనిపిస్తుంది. కింది గది ముడుచుకున్న ప్రతిసారీ నీలం కలిసిన చిమ్ము ఒకటి వెనక్కి, పై గదిలోకి దూసుకుపోతోంది. అమ్మ అది చూసి, "అయితే మన మోటారు ఫుట్‌వాల్వు కారినట్టేనా నాయనా?" అని అడిగింది. ఆయన నవ్వి, "అది మోటారు ఆపినాక కారుతుందమ్మా, ఇది తోసేటప్పుడే కారుతుంది" అన్నారు. పొలం పని తెలిసిన మనిషే అయి ఉండాలి.

తరువాత ఆయన చెప్పిన లెక్క కోసమైనా ఆ 1,500 ఇవ్వవచ్చు. రిపోర్టు చేతికి రాగానే అందరమూ చూసేది ఈఎఫ్ అంకెనే, అంటే కింది గదిలో నిండిన రక్తంలో ఎంత శాతం బయటికి పోయిందన్నది. గదిలో 100 మిల్లీలీటర్లు నిండి, 60 పోతే ఈఎఫ్ 60 శాతం. కానీ ఆ 60లో 20 కారే కవాటం గుండా వెనక్కి పోతే, ఒంటికి అందేది 40 మాత్రమే. వెనక్కి పోయే దారి తేలిక గనుక కండరం నీరసపడుతున్నా అంకె బాగానే కనిపిస్తుందనీ, అందువల్లనే మామూలు మనిషికి నిశ్చింతగా ఉండే 60 శాతం, ఈ కవాటం తీవ్రంగా కారేవారిలో ఆపరేషన్ గురించి ఆలోచించవలసిన గీత అవుతుందనీ ఆయన వివరించారు. అంకెతోపాటు గుండె ముడుచుకున్నాక కింది గది ఎంత వెడల్పు ఉందో కూడా చూడాలట. అది 40 మిల్లీమీటర్లకు చేరకూడదట.

ఇంత చక్కగా చెప్పినవారు ఇచ్చిన రిపోర్టు మాత్రం పేలవంగా ఉంది. ఈఎఫ్ 64 శాతం, మైట్రల్ లీకు ఒక మోస్తరు, గుండె పనితీరు బాగుంది అన్న మూడు వరుసలే కనిపించాయి. వెడల్పు కొలత లేదు. పై గది ఎంత సాగిందో లేదు. రెక్కల అంచులు, దారాలు ఎలా ఉన్నాయన్న మాటే లేదు. గుండె జబ్బంటే మన జిల్లావాళ్లు ఎప్పుడో ఒకప్పుడు చెన్నై రైలెక్కేవాళ్లే కదా, అక్కడి డాక్టరు ఈ కాగితం చూసి ఏమి తేల్చగలరు? కౌంటరులో అడిగితే, అందరికీ ఇదే నమూనాలో ఇస్తామన్నారు. తిరిగి లోపలికి వెళ్లి అడిగాక, డాక్టరుగారే కొలతలన్నీ రిపోర్టు వెనుక పెన్నుతో రాసి సంతకం చేశారు. వెడల్పు 34 మిల్లీమీటర్లని అందులోనే తెలిసింది.

ఆరు నెలల తరువాత మళ్లీ రమ్మన్నారు. అక్కడికే వెళ్తాము. ఆ కొలతలు రాయించుకోకుండా మాత్రం గది దాటి రాము.